‘సూడరాదు’ అంటే చూడొద్దని కాదు: చూచు అనే క్రియ సంగతి

తమ్మీ, నీ ప్రశ్న మొత్తం చదివిన. పరకాల దిక్కు మీ నాయినమ్మ ‘సూశినవా’, ‘జెర సూడరాదు’, ‘దవాఖానల సూపెట్టుకో’ అంటది, హైదరాబాద్‌ల నీ దోస్తులు అదేం తెలుగురా అని నవ్విండ్రు, నువ్వు రోషానికి డిక్షనరీ తీస్తే అందుల ‘సూడు’ లేదు సరే ‘చూడు’ కింద గూడ ఏం దొరకలే, ‘చూచు’ అని పాతకాలం ముక్క ఒకటి కనవడ్డది. అసలు మాట ఏది, ఎక్కడ పుట్టింది, నాయినమ్మ అనేది తప్పా అని అడుగుతున్నవ్. తప్పు కాదు. ఇది ముందుగాల చెప్పి పెడుతున్న, ఎందుకంటే కింద చాన రాస్తున్న, నడుమల చదువుడు ఆపేసినా ఈ ముక్క నీకు చేరాలె.

నేను బడిల తెలుగు చెప్పుకుంట రిటైరైన మనిషిని, ఇప్పుడు ప్రూఫులు దిద్దుతుంట, కాబట్టి ఈ చ, స, శ కొట్లాట నాకు రోజూ ఉండేదే.

ముందు చూచును జర తిప్పి చూద్దాం. చూచి, చూచెను, చూచుచున్నాడు అన్నప్పుడు చ ఉంటది. లేదు, వద్దు, చెయ్ అనేకాడికి వచ్చేసరికి డ దిగుతది: చూడడు, చూడక, చూడలే, చూడు, చూడాలె. మామూలుగ చు తోని అయిపోయే క్రియలు ఇట్ల చెయ్యవు. పిలుచు తీసుకో, పిలువడు, పిలువలే. నడుచు, నడువడు. నిలుచు, నిలువడు. అక్కడ చ పోయి వ వస్తది. ఆ లెక్కన ‘చూవడు’, ‘చూవలే’ అనాలె, ఎవ్వరూ అనరు. కారణమేందంటే ఇందుల డ దే పెద్దరికం, అది ధాతువుల, అంటే క్రియ మూలంల, ఉన్నది, చు తర్వాత వచ్చి అంటుకున్నది, రెండూ పక్కపక్కకు వచ్చినకాడ డ మింగుడువడ్డది. కావ్యాలల్ల చూపుకు ‘చూడ్కి’ అనే మాట ఉంటది, అందుల ఆ డ ఎక్కడికీ పోకుండ అట్లనే కూసున్నది.

ఆ డ గూడ మొదటి నుంచి డ కాదు. పాత తెలుగు శాసనాలల్ల ఴ అని ఒక అక్షరం ఉండె, నాలుక మడిచి పలికేది, తమిళోళ్లు మలయాళపోళ్లు ఇప్పటికీ పలుకుతరు, మనం ఎప్పుడో వదిలేసినం. మన దగ్గర అది చానా చోట్ల డ అయింది: వాళ్ల ఏఴు మన ఏడు, వాళ్ల కోఴి మన కోడి, వాళ్ల చోఴులు మన చోడులు. అదే లెక్కన మన చూడుకు ఎదురుంగ తమిళంల ‘సూఴ్’ అనే క్రియ నిలవడుతది. పండితులు ఈ రెంటినీ ఒకే మూలానికి ముడేస్తరు. తమాషా ఏందంటే దానికి అక్కడ కండ్లతోని పని లేదు, ఆలోచన చేసుడు, తర్కించుడు, ఎత్తు వేసుడు దాని అర్థం, ‘సూఴ్చి’ అంటే ఇప్పటికీ వాళ్లకు కుట్ర, పన్నాగం. అటు తెలుగుకు చుట్టాలైన కొండ, కుయి, కువి అనే గిరిజన భాషలల్ల మాత్రం మన లెక్కనే చూసుడు, కొండ కుయిలల్ల స తోని మొదలైతది, కువిల హ తోని. మన ఆదిలాబాద్ దిక్కు మాట్లాడే గోండిల గూడ దీని చుట్టమే ఉన్నది, ఒక జాగల స ఉంటే ఇంకో జాగల హ అయితది. అంటే చ ను స చేసుడు మీ నాయినమ్మ ఒక్కదాని పని కాదు, ఈ భాషల కుటుంబంల చానా ఇండ్లల్ల అదే నడిచింది, ఎవరిది వాళ్లకు నడిచింది.

ఇగ ‘సూ’ సంగతి. తెలుగుల చ ఒకటి కాదు, రెండు. చీమ, చెట్టు అని చూడు, నాలుక మధ్య భాగం పోయి అంగిలికి తగుల్తది. చాప, చుక్క, చూడు అను, నాలుక కొన ముందుకొచ్చి పండ్ల వెనుక తగుల్తది, చెవివెట్టి వింటే ‘త్స’ లెక్క ఉంటది. చిన్నయసూరి 1858ల వచ్చిన బాలవ్యాకరణంల ఇదే చెప్పిండు, ఇ ఈ ఎ ఏ లు కలిసిన చ తాలవ్యం, అ ఆ ఉ ఊ ఒ ఓ ఔ లు కలిసింది దంత్యం అని. పాత పుస్తకాలల్ల ఆ దంత్యానికి చ మీద చిన్న గుర్తు గూడ పెట్టేటోళ్లు, ౘ అని, తర్వాత అచ్చాఫీసులోళ్లకు భారమై వదిలేసిండ్రు. ఇప్పుడు ‘త్సూడు’ల త రాలగొట్టు, ఏం మిగిలింది? సూడు. అయిపాయె.

ఇందుల నాకు బాగ నచ్చే ముచ్చట ఇంకోటున్నది. మీ నాయినమ్మ ‘సూశినవా’ అంటదని రాసినవ్ గదా, నువ్వు మొదట స రాసి రెండోది శ రాసినవ్, చెవి మంచిగనే పని చేసింది నీది. చూచి అనే మాటల మొదటి అక్షరం చూ, దంత్యం, అది మెత్తవడి దంత్యమైన స అయింది. రెండోది చి, తాలవ్యం, అది మెత్తవడి తాలవ్యమైన శ అయింది. ఒక్క అక్షరం గూడ తప్పువోలే. బడి మొఖం చూడని ముసలామె నాలుక చిన్నయసూరి సూత్రాన్ని పట్టుకొని నడుస్తుంటే, చదువుకున్న మనం ‘చూసి’ అని రాసి ఆ తేడాను చంపేసినం. నీ దోస్తులకు ఇది చెప్పు.

బడిల గసడదవాదేశ సంధి చదివే ఉంటవ్, క చ ట త ప లు గ స డ ద వ లు అయితయని, అపుడు చనియె అనేది అపుడు సనియె అయితదని. అంటే చ స అవుడు వ్యాకరణానికి కొత్త ముచ్చట కాదు. కాకపోతే అక్కడ రెండు మాటలు కలిసిన చోట అయితది, మన నోట్లె మాట విడిగున్నా అయితది, అంతే తేడా. ‘నన్ను జూసి నవ్విండు’, ‘ఇటు జూడు’ల ఆ జ కూడ ఊకె వచ్చింది కాదు, నన్నుఁ జూచి అని గ్రంథంల ఉండే సరళాదేశమే, అంటే చ జ గ మారుడు. ‘పిల్లను సూడవోయిండ్రు’ల వో కూడ ఆ జాతిదే, పోయిండ్రుల ప కొంచెం మెత్తవడ్డది. వరంగల్, కరీంనగర్ దిక్కు ‘ఏం సూత్తానవ్’ అంటరు, స్త ను త్త చేస్తరు, చేత్తానవ్ వత్తానవ్ లెక్కనే. కాళోజీ బడిపలుకులు వేరు, పలుకుబడులు వేరు అని ఊకనే విడదియ్యలే, ఆయన ఉన్నది మన హన్మకొండలనే, చెవులు ఈ మాటలతోనే నిండి ఉండె.

సరే, ఉచ్చారణ అయింది. అసలు మజా అర్థంల ఉన్నది.

తెలుగుల కంటికి సొంతమైన క్రియ చూచు కాదు, కను. కన్ను, కను, కాంచు, కనవడు, కానొచ్చు, కానరాదు, అన్నీ ఒక్క చెట్టువే. ఇప్పుడు నోట్లె ఒట్టిగ ‘కన్నది’ అంటే పిల్లను కన్నదనే అర్థమైతది గని చూసుడు అనే అర్థం ఎక్కడికీ పోలే, కలగనుడుల ఉన్నది, కనుక్కోల ఉన్నది, కనిపెట్టుల ఉన్నది. మన దిక్కు రోజూ అనే మాట ఒకటి తీసుకో: ‘ఎంత సూశినా కనవడలే’. ఇంట్ల తాళంచెవి పోతే ఎవలైనా అనే మాటే. సూశిన అనేది నేను చేసిన పని, కనవడలే అనేది నా చేతిల లేని సంగతి. చూసుడు మనిషి చెయ్యాలె, కనవడుడు దానంతట అది కావాలె. అందుకే ‘చూడు’ అని ఆజ్ఞ వెయ్యొచ్చు గని ‘కనవడు’ అని దేవునికి మొక్కుకోవాలె తప్ప తాళంచెవికి ఆజ్ఞ వేస్తే వినదు.

పక్క భాషలల్ల గూడ ఈ జంట ఉన్నది, ఇక్కడ ఒక వింత గమనించు. తమిళంల పార్, కాణ్. కన్నడంల నోడు, కాణు. మలయాళంల నోక్కు, కాణ్. మనకు చూచు, కను. రెండో మాట అందరికీ ఒక్కటే, కంటికి సంబంధించింది, పంచుకోకుండ ఉమ్మడిగ ఉంచుకున్నరు. మనసు పెట్టి చేసే మొదటి పనికి మాత్రం పార్ ఒక దిక్కు, చూచు ఒక దిక్కు. నా లెక్కల మన చూచు మొదటి నుంచి కంటి కంటే మనసుకే దగ్గర, తమిళం సూఴ్ తర్కించుకాడ ఆగింది, మనది కంటికాడికి వచ్చింది గని పాత బుద్ధి పోలే. ఈ ఒక్కటి పట్టుకుంటే కిందివన్నీ అల్కగ సమజైతయి.

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు ఎండకాలం మిర్చి వచ్చే దినాలల్ల ఒకసారి పో, ఘాటుకు తుమ్ములొస్తయి, దస్తీ కట్టుకో. రైతు బస్తాలు వరుస పెట్టి నిలవడ్డడు. సరుకు అమ్మిపెట్టే అడ్తిదారు పక్కన ఉంటడు, కొనే ఖరీద్దారు వస్తడు. బస్తా మూతి విప్పి పైన పైన కాదు, మోచేతి దాక చెయ్యి లోపలికి వెట్టి అడుగు నుంచి గుప్పెడు కాయలు తీస్తడు. చెవికాడ పెట్టి ఊపుతడు, లోపల గింజ గలగలమంటే ఎండింది, మూగగ ఉంటే తేమ ఉన్నది. గుప్పిట పిసికి వదులుతడు. తొడిమె విరుస్తడు, ఒక్క కాయ చీల్చి ముక్కుకాడ పెడతడు. అరచేతిల పరిచి తెల్లగ పాలిపోయిన తాలు కాయలెన్ని అని ఏరుతడు. చెవి, వేళ్లు, ముక్కు, అన్నీ అయినంక కన్ను. అంతా అయినంక రైతు అడిగే మాట ఏంది? ‘సరుకు సూశినవ్ గదా, ధర చెప్పు.’ ‘విన్నవ్ గదా’ అనడు, ‘వాసన పట్టినవ్ గదా’ అనడు. ఆ మొత్తం పనికి మనకున్న మాట ఒక్కటే, చూసుడు. 2025ల మన వరంగల్ చపాట మిర్చికి భౌగోళిక గుర్తింపు వచ్చింది గదా, దాన్ని టమాట మిర్చి అని గూడ అంటరు, ఎర్రటి రంగుకు పేరు, ఘాటు తక్కువ, దాన్ని చూసే పద్ధతి, ఘాటైన తేజ రకాన్ని చూసే పద్ధతి ఒక్కటి కాదు. చపాటకు కన్ను ముందుంటది, తేజకు ముక్కు.

అట్లనే ఉప్పు సూడు, అన్నం ఉడికిందా సూడు, పిల్లగానికి జరమున్నదా చెయ్యివెట్టి సూడు, ఎవలొచ్చిండ్రో అడిగి సూడు, ఫోన్ చేసి సూడు. వేమన ‘ఉప్పు కప్పురంబు నొక్క పోలిక నుండు, చూడ చూడ రుచుల జాడ వేరు’ అన్నడు, అందుల కంటికి రెండూ ఒకటే అని మొదటి పాదంలనే తేలిపాయె, మళ్ల చూడ చూడ అంటే నాలుక మీద వేసి చూస్తె అని. రుచిని చూసే జాతి మనది.

చేసి చూడు, తిని చూడు, అడిగి చూడు, ఈ వాడకంల చూడు సొంత క్రియగ ఉండదు, ఇంకో క్రియ తోకకు అంటుకొని ‘ప్రయత్నం చెయ్, ఏమైతదో తెలుసుకో’ అని అర్థమిస్తది. తమిళోళ్లు సెయ్దు పార్ అంటరు, కన్నడపోళ్లు మాడి నోడు అంటరు, ఉర్దూల కర్కే దేఖో అంటరు. మాటలు నాలుగు, చుట్టరికం లేదు, ఆలోచన ఒకటే, ఈ నేల మీద పక్కపక్కన బతికినోళ్లు మాటలు ఇచ్చిపుచ్చుకోకున్నా వాడే తీరు ఇచ్చిపుచ్చుకున్నరు. ఇది ఇయ్యాల్టిది గూడ కాదు. మన బమ్మెర పోతన పద్యం చిన్నప్పుడు కంఠతా పట్టే ఉంటవ్, ‘ఎందెందు వెదకి చూచిన నందందే గలడు’ అని ప్రహ్లాదుడు అంటడు, ఆ ‘వెదకి చూచిన’ల చూచిన ఇప్పుడు మనం వెతికి చూడు అన్నట్టే ఉన్నది. ఐదారు వందల ఏండ్ల కింది మాట, బమ్మెర అంటే ఇప్పటి జనగామ జిల్లా, మన పక్క ఊరే.

చూసుకొనుడు మళ్ల వేరే లోకం. ‘పిల్లలను సూసుకో’ అంటే జాగ్రత్త. ‘సూసుకొని నడువు’ అంటే హెచ్చరిక. ‘నేను సూసుకుంట, నువ్వు పో’ అంటే భరోసా. ‘నీ సంగతి సూసుకుంట’ అంటే బెదిరింపు, అదే మాటను నవ్వుకుంట అంటే ఆదుకుంట అని గూడ అయితది, ఎదుటోని మొఖం చూడకుండ మెసేజ్‌ల ఇది పంపకు. ‘ఏం సూసుకొని వీడికింత ఎగురుడు’ అంటే దేని అండ ఉందని. ‘సూసుకుంట సూసుకుంట ఎట్ల ఇడిసిపెడ్త’ అంటే తెలిసి తెలిసి. ఒక్కదాంట్ల గూడ కంటి పని లేదు, అన్నిట్ల బాధ్యతో లెక్కనో ఉన్నది. ముసలోళ్లను చూసుకునేకాడ మన దిక్కు ఇంకో మంచి మాట ఉన్నది, అర్సుకొనుడు. ‘అవ్వను అర్సుకునేటోడు లేడు’ అంటరు. ఇది కావ్యాలల్ల కనిపించే అరయు, అరసి అనే క్రియనే, చూసుడు, విచారించుడు అని అర్థం. కోస్తాల పుస్తకాల సంచిల పడిపోయిన మాట మన ఊర్లల్ల మంచాల కాడ తిరుగుతున్నది. నీ దోస్తులు దీన్ని గూడ పల్లెటూరి మాట అనే అంటరు కావచ్చు.

‘సూద్దాం’ గురించి నువ్వు అడగలే గని చెప్పకుంటే మనసున పట్టదు. పిల్లను చూడవోయి చాయ్ తాగి వచ్చేటప్పుడు ‘సూద్దాం, చెప్పి పంపుతం’ అంటే అయిపోయినట్టే, ఆడపిల్లోళ్లకు ఆ మాట గుమ్మంలనే సమజైతది. ఆఫీసుల ‘చూస్తాం, రేపు రా’ అంటే కాయితం ఎక్కడ పెట్టిండో వానికే యాది లేదని. కాదు అని మొఖం మీద కొట్టుడు మన తీరు కాదు గనుక చూచుకు ఆ బరువు గూడ ఎత్తినం, తర్కించి చెప్త అనే పాత అర్థం ఇక్కడ సాకుగ పనికొచ్చింది. అప్పు అడిగినోనికి ‘సూస్త తమ్మీ’ అన్నప్పుడు ఆ తమ్మీ ఎంత తియ్యగ ఉంటే పైసలు అంత దూరం.

ఇగ ‘సూడరాదు’. నీ దోస్తులు ఎక్కువ నవ్వింది దీనికే అన్నవ్, ఎందుకంటే వాళ్లు విన్నది ‘చూడకూడదు’ అని. తప్పు వాళ్లది గూడ కాదు, పుస్తకాలల్ల, గోడల మీద ‘ఇచ్చట ఉమ్మి వేయరాదు’ అని ఉంటది, రాదు అంటే వాళ్లకు నిషేధం. మన దిక్కు నోట్లె అదే రాదు బతిమాలుడు. ‘కూసోరాదు’ అంటే కూసో మరి అని. ‘తినరాదే బిడ్డా’ అంటే తింటె ఏమైతది తిను అని. ‘జెర సూడరాదు’ అంటే కొంచెం చూసి పెట్టు అని, ఆ జెర ఉర్దూ జరా నుంచి వచ్చింది, ఉత్త చూడు అంటే ఆజ్ఞ లెక్క ఉంటదని జెర, రాదు రెండూ పెట్టి మెత్తగ చేస్తరు. నా అంచనా ఏందంటే ఇది ‘చూడరాదా?’ అనే ప్రశ్న తోక అరిగి మిగిలింది, చూస్తె ఏం పోయింది అని అడుగుట్ల నుంచే బతిమాలుడు పుట్టింది. అందుకే చెవివెట్టి వింటే చివరి దు మీద రాగం కొంచెం లేస్తది, నిషేధంల లేవదు, తెగుతది. పెద్దోళ్లతోని అయితే ‘సూడరాదుండ్రి’ అనాలె, మీ నాయినమ్మ మీ తాతతోని అట్లనే అంటది చూడు, నీతోని అంటే ‘సూడరాదురా’. కోస్తా నుంచి వచ్చి మన దిక్కు బడులల్ల చేరిన పంతులమ్మలు మొదట్ల ‘అమ్మా, నా నోట్స్ సూడరాదుండ్రి’ అని పిల్లలు అంటే చూడొద్దంటున్నరని నోట్సు తిరిగి ఇచ్చేసేటోళ్లు, పిల్లలు మొఖాలు చిన్నగ చేసుకునేటోళ్లు, ఇది మా స్టాఫ్ రూంల ఊకె నడిచే ముచ్చట.

‘సూపెట్టుకో’ల ఉన్నది చూపు. క్రియల చివర చు ఉంటే చాన చోట్ల పు పెట్టి ఇంకొకరితోని చేయించే మాట చేస్తం: నడుచు, నడుపు. నిలుచు, నిలుపు. అట్ల చూచు, చూపు. దానికి కోస్తోళ్లు ఇంచు తగిలించి చూపించు అన్నరు, మనం పెట్టు తగిలించి చూపెట్టు, సూపెట్టు అన్నం. ‘దవాఖానల సూపెట్టుకో’ అంటే డాక్టర్ చేత నిన్ను నువ్వు పరీక్ష చేయించుకో అని. డాక్టర్ చెవుల గొట్టం పెట్టుకొని వింటడు, కడుపు నొక్కుతడు, రక్తం తీపిస్తడు, మనం మాత్రం ‘డాక్టర్ సూశిండు’ అంటం. మళ్ల మిర్చి బస్తాకాడికే వచ్చినం. చూపుడు వేలు అనే మాటల ‘చూపుడు’ ఉన్నది చూడు, క్రియకు ఉడు పెట్టి పేరు చేసుడు. మనం చూసుడు, పోవుడు, వచ్చుడు అంటే యాస అంటరు, వాళ్లేమో ‘చూపుడు వేలు’ అని నిమ్మళంగ రాసుకుంటరు, ‘చూపటం వేలు’ అని ఎవలన్నా రాసిండ్రా?

మనుషులను చూడవోవుడు గూడ ఇదే దారి. ఎవలింట్లనన్న బీమారైతే ‘సూడవోయి వస్త’ అంటం, బాలింతను చూడవోతం, పిల్లను చూడవోతం. పోయినోడు మంచం పక్కన కూసొని మందలిస్తడు, మందలిచ్చుడు అంటే మన దిక్కు పలకరించుడు, అటు దిక్కు తిట్టుడు, అది ఇంకో పెద్ద కథ, ఇంకోసారి. ఎదురుసూసుడుకు తొవ్వ సూసుడు అని గూడ అంటం, వచ్చేటోని కోసం వానిని కాక తొవ్వను చూస్తం.

చూపుల రకాలు చెప్పుకుంట పోతే తెల్లారుతది. కొరకొర చూసుడు కోపం, గుడ్లురిమి చూసుడు బెదిరింపు, ఎగాదిగా చూసుడు మనిషిని తూకమేసుడు, తేరిపార చూసుడు ఆనవాలు పట్టుడు, ఓరకంట చూసుడు దొంగతనమో ప్రేమనో, తొంగిచూసుడు అయితే గోడవతలి సంగతి. ఉర్దూ నుంచి నజర్ వచ్చింది, నజర్ పెట్టిండు అంటే కన్నేసిండని. పేపరోళ్లు రాసే నిఘా గూడ ఫార్సీ నిగాహ్, అంటే చూపే, పోలీసోళ్ల చేతిల పడి గంభీరమైంది.

రాసేకాడ నువ్వేం చెయ్యాలె అంటె, పరీక్షల, దరఖాస్తుల ‘చూసి’, ‘చూడు’ రాయి, ‘చూచుచున్నాను’ అని రాయకు, అది ఇయ్యాల ఎవ్వరి నోట్లె లేదు, నవ్వాలంటే దానికి నవ్వాలె. నాయినమ్మ మాటను నాయినమ్మ మాటగ రాసేటప్పుడు ‘సూశినవా’ అనే రాయి, శ ను స చెయ్యకు. డిక్షనరీల నీకు ‘చూడు’ ఎందుకు దొరకలే అంటే, పాత నిఘంటువులల్ల క్రియలను ఆజ్ఞ వేసే రూపంల కాకుండ చూచు, పోవు లెక్క మూలరూపంలనే ఎక్కిస్తరు, బ్రౌన్ 1852ల వేసిన తెలుగు ఇంగ్లీష్ నిఘంటువుల గూడ అట్లనే, చూడుకు చూచు కింద, పోకు పోవు కింద, చెయ్ కు చేయు కింద, రా కు వచ్చు కింద వెతకాలె. సూ తోని మొదలయ్యే ఊరి మాట ఏది దొరకకున్నా చ తోని ఒకసారి, జ తోని ఒకసారి తీసి చూడు, సానా దొరుకుతయి.